మైక్రోవేవ్ అంటే రేడియేషన్ భయమా? అసలు ప్రమాదం వేరే చోట ఉంది.. వాడేవాళ్లు ఇవి తెలుసుకోవాల్సిందే

రాత్రి మిగిలిన సాంబారు ఒక గిన్నెలో, ఫ్రిజ్‌లోంచి తీసిన అన్నం ఒక ప్లేట్‌లో. మైక్రోవేవ్‌లో పెట్టి, రెండు నిమిషాలు నొక్కి, నాలుగు అడుగులు వెనక్కి జరుగుతారు. ఎందుకంటే 'రేడియేషన్ వస్తుంది, దగ్గర నిలబడకు' అని ఎవరో ఎప్పుడో చెప్పారు. వాట్సాప్ ఫార్వర్డ్‌లు ఆ భయాన్ని ఇంకాస్త పెంచాయి. కానీ 'టింగ్' అని శబ్దం రాగానే అదే మనిషి ఏం చేస్తారు? ఫ్రిజ్ మీద పెట్టిన మైక్రోవేవ్ తలుపు తీసి, చేతులు పైకెత్తి, మరుగుతున్న సాంబారు గిన్నెను చీర కొంగుతోనో, తడి గుడ్డతోనో పట్టుకుని ముఖం ముందు నుంచి కిందికి దించుతారు. నిజంగా భయపడాల్సింది ఈ రెండో సీన్ గురించే!

మైక్రోవేవ్ అయినా, కేకులు చేసే ఓటీజీ అయినా ఇంట్లో జరిగే నష్టాల్లో ఎక్కువ భాగం వేడి వల్ల, కరెంటు వల్ల, సరిగ్గా వేడెక్కని తిండి వల్ల వచ్చేవే. అవన్నీ మన చేతిలో ఉన్నవే. ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందు రేడియేషన్ సంగతి

మైక్రోవేవ్ లోపల మ్యాగ్నెట్రాన్ అనే ట్యూబ్ ఉంటుంది. ఇది 2,450 మెగాహెర్ట్జ్ ఫ్రీక్వెన్సీలో తరంగాలను పుట్టిస్తుంది. మన వైఫై రూటర్ వాడే 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్ కూడా ఇంచుమించు ఇక్కడే ఉంటుంది. రూటర్ శక్తి ఒక్క వాట్ కూడా ఉండదు, ఓవెన్‌ది 700 నుంచి 900 వాట్ల దాకా ఉంటుంది. అందుకే దాన్ని ఇనుప పెట్టెలో బంధించారు. ఇవి ఎక్స్‌రేల లాంటివి కావు. తిండిలోని అణువులను విడగొట్టవు, వేడి మాత్రమే చేస్తాయి. లైటు ఆపేశాక గదిలో వెలుతురు మిగలనట్టే, ఓవెన్ ఆగాక అన్నంలో 'రేడియేషన్' ఏమీ మిగిలి ఉండదు.

మరి తలుపులోంచి బయటికి రావా? అద్దంలో చిన్న చిన్న రంధ్రాలున్న లోహపు జాలీ కనిపిస్తుంది కదా.. ఆ రంధ్రాలు మిల్లీమీటర్లలో ఉంటాయి. తరంగం పొడవేమో దాదాపు 12 సెంటీమీటర్లు. అందుకే వెలుతురు బయటికి వస్తుంది కానీ తరంగం దాటలేదు. అమెరికా ఎఫ్‌డీఏ రూల్ ప్రకారం ఓవెన్ జీవితకాలం మొత్తంలో, 5 సెంటీమీటర్ల దూరంలో కొలిచినా లీకేజీ చదరపు సెంటీమీటరుకు 5 మిల్లీవాట్లు మించకూడదు. దూరం పెరిగేకొద్దీ అదీ వేగంగా తగ్గిపోతుంది.

అనుమానించాల్సిన సందర్భం మాత్రం ఒకటుంది. తలుపు వంగిపోయినా, కీలు వదులైనా, అద్దం పగిలినా, తలుపు సరిగ్గా పడకుండానే మెషీన్ తిరుగుతున్నా.. ఆ ఓవెన్‌ను ఇక వాడకూడదు. టేపు అతికించి నడిపించే పనులు అస్సలు వద్దు.

అన్నట్టు, ఈ మెషీన్ పుట్టిందే అనుకోకుండా. 1945లో అమెరికాలోని రేథియాన్ కంపెనీలో పెర్సీ స్పెన్సర్ అనే ఇంజినీర్ రాడార్ కోసం మ్యాగ్నెట్రాన్‌ల మీద పనిచేస్తుండగా జేబులో ఉన్న తినుబండారం కరిగిపోయిందట. ఆ కథ అక్కడి నుంచి మన వంటింటి దాకా వచ్చింది.

పైన పొగలు.. మధ్యలో ఐసు ముక్క!

మైక్రోవేవ్ తిండిని 'లోపలి నుంచి బయటికి' వండుతుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. తరంగాలు తిండిలోకి ఒకటి రెండు సెంటీమీటర్ల లోతు వరకే బలంగా వెళ్తాయి. ఆ లోపలికి వేడి తనంతట తాను పాకాల్సిందే. పైగా పెట్టె లోపల తరంగాలు అన్ని చోట్లా ఒకేలా ఉండవు. కొన్ని చోట్ల బాగా వేడి, కొన్ని చోట్ల చల్లదనం. కింద గాజు ప్లేటు తిరుగుతూ ఉండేది ఈ తేడాను తగ్గించడానికే. అయినా పూర్తిగా పోదు. బిర్యానీ వేడి చేస్తే అంచుల్లో నోరు కాలుతుంది, మధ్యలో ముక్క ఫ్రిజ్‌లోంచి తీసినట్టే ఉంటుంది. కారణం ఇదే.

ఇది రుచి సమస్య మాత్రమే అయితే సర్దుకోవచ్చు. కానీ ఆ చల్లటి మధ్య భాగంలో బ్యాక్టీరియా బతికే ఉంటుంది. అందుకే మిగిలిన తిండిని ఆవిరి వచ్చేదాకా, అంటే అన్ని చోట్లా 74 డిగ్రీల సెల్సియస్ దాటేదాకా వేడి చేయాలని ఆహార భద్రతా నిపుణులు చెబుతారు. ఇంట్లో థర్మామీటర్ పెట్టి ఎవరూ చూడరు కాబట్టి సింపుల్‌గా ఇలా చేయండి. గిన్నెలో కుప్పగా కాకుండా పళ్లెంలో పలుచగా పరచండి. మధ్యలో కాస్త ఖాళీ వదిలి గారెలా సర్దితే ఇంకా మంచిది. అన్నం మీద రెండు చెంచాల నీళ్లు చిలకరించి, వదులుగా మూత పెట్టండి. సగం టైమ్ అయ్యాక ఆపి, కలిపి, మళ్లీ పెట్టండి. అయిపోయాక వెంటనే తీయకుండా ఒకటి రెండు నిమిషాలు అలాగే ఉంచండి. ఆ టైమ్‌లో వేడి లోపలికి సర్దుకుంటుంది. చాలామంది వదిలేసేది ఈ చివరి స్టెప్‌నే. గడ్డకట్టిన చికెన్ లాంటివి డీఫ్రాస్ట్ చేస్తే మాత్రం వెంటనే వండేయాలి. అంచులు అప్పటికే గోరువెచ్చగా అయి ఉంటాయి కాబట్టి మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టడం సేఫ్ కాదు.

అన్నం విషయంలో ఇంకో మెలిక

ఇది మన ఇళ్లకు బాగా వర్తించే విషయం. బియ్యంలో బాసిల్లస్ సెరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉండొచ్చు. అన్నం ఉడికినా ఈ బీజాలు చావవు. వండిన అన్నం గంటల తరబడి గోరువెచ్చగా ఉంటే అవి మొలకెత్తి, పెరిగి, ఒక విషాన్ని తయారుచేస్తాయి. ఒకసారి ఆ విషం తయారయ్యాక మైక్రోవేవ్‌లో ఎంత వేడి చేసినా పోదు. తిన్న కొన్ని గంటల్లోనే వాంతులు మొదలవుతాయి. 'పొగలు వచ్చేదాకా వేడి చేశాం కదా, ఎందుకిలా అయింది?' అనే ప్రశ్నకు చాలాసార్లు జవాబు ఇక్కడే దొరుకుతుంది.

అంటే జాగ్రత్త తీసుకోవాల్సింది వేడి చేసేటప్పుడు కాదు, వండిన తర్వాత. మిగిలిన అన్నాన్ని రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టేయాలి. గది ఉష్ణోగ్రత 32 డిగ్రీలు దాటితే గంటలోపే. మే నెలలో విజయవాడలోనో, రామగుండంలోనో వంటిల్లు ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. గిన్నెడు అన్నాన్ని అలాగే ఫ్రిజ్‌లోకి తోస్తే మధ్యలో చల్లబడటానికి చాలా టైమ్ పడుతుంది. లోతు తక్కువ ఉన్న డబ్బాల్లో సర్దండి. పొద్దున హాట్‌ప్యాక్‌లో పెట్టి సాయంత్రం దాకా గోరువెచ్చగా ఉంచిన అన్నం విషయంలోనూ ఇదే రిస్క్ ఉంటుంది. ఇక ఒకసారి వేడి చేసింది మిగిలితే మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టకుండా, తినేంతే తీసి వేడి చేసుకోవడం బెటర్.

నీళ్లు, గుడ్లు, పసిపాప పాలు.. ఈ మూడింటితో జాగ్రత్త

కప్పు నీళ్లు మైక్రోవేవ్‌లో పెట్టారు. మూడు నిమిషాలైనా బుడగలు రాలేదు. 'ఇంకా కాగలేదు' అనుకుని తీసి, అందులో కాఫీ పొడి వేశారు. అంతే, ఒక్కసారిగా భగ్గున పైకి లేచి చేతి మీద, ముఖం మీద పడింది. ఇలా నిజంగానే జరుగుతుంది. నున్నటి గాజు కప్పులో నీళ్లు 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉండిపోగలవు. చెంచా తగిలినా, పొడి పడినా ఒక్కసారిగా ఆవిరవుతాయి. అందుకే నీళ్లు పెట్టేటప్పుడే అందులో ఒక చెక్క గరిటె ఉంచండి, అవసరానికి మించి టైమ్ పెట్టకండి, ఆగాక ఒక నిమిషం కదపకండి.

ఉడికించిన గుడ్డును మళ్లీ వేడి చేయడం ఇంకా డేంజర్. లోపల పచ్చసొనలో ఆవిరి చిక్కుకుపోతుంది. ఓవెన్‌లో పేలకపోయినా ప్లేట్‌లో పెట్టి కొరికినప్పుడు పేలొచ్చు. పెంకు తీసినా ఇదే పరిస్థితి. రెండుగా కోసి పెట్టండి, లేదా వేడి నీళ్లలో కాసేపు వేయండి. బంగాళదుంప, టమాటా, పచ్చిమిర్చి లాంటి తొక్క ఉన్న ఏ కూరగాయకైనా ముందు ఫోర్క్‌తో రెండు మూడు గాట్లు పెట్టాలి. బిగుతు మూత ఉన్న డబ్బాకూ ఇదే సూత్రం. మూత ఒక పక్క తెరిచి పెట్టాలి.

పసిపిల్లల పాల సీసాను మాత్రం మైక్రోవేవ్‌లో పెట్టనే కూడదు. సీసా బయట గోరువెచ్చగా అనిపిస్తుంది, లోపల ఒకచోట పాలు సలసలా కాగుతుంటాయి. పాప నోరు కాలుతుంది. వేడి నీళ్ల గిన్నెలో సీసా ఉంచి, మణికట్టు మీద చుక్క వేసి చూసుకునే పాత పద్ధతే ఇప్పటికీ కరెక్ట్.

ఏ గిన్నె పెట్టాలి?

స్టీలు గిన్నె పెట్టకూడదని అందరికీ తెలుసు. తెలియకుండా లోపలికి వెళ్లే లోహమే గొడవ. బంగారు రంగు అంచున్న పింగాణీ ప్లేటు, టీ బ్యాగ్‌కి ఉన్న స్టేపుల్ పిన్ను, పార్సిల్ మీద అంటుకున్న అల్యూమినియం రేకు ముక్క.. ఇవన్నీ చిటపటమని నిప్పురవ్వలు రాల్చేవే.

ఇక హోటల్ పార్సిళ్లు. పలుచటి కవర్‌లో కట్టి ఇచ్చిన సాంబారును కవర్‌తో సహా ఓవెన్‌లో పెట్టేవాళ్లు ఉన్నారు. దయచేసి వద్దు. బిర్యానీ వచ్చిన డబ్బా అడుగున త్రికోణంలో ఒక నంబర్ ఉంటుంది. 5 అని ఉంటే అది పాలీప్రొపిలీన్, వేడిని కాస్త తట్టుకునే రకం. 1, 6 నంబర్లవి ఓవెన్‌కి పనికిరావు. 5 ఉన్నా సరే, 'మైక్రోవేవ్ సేఫ్' అని రాసి ఉంటేనే పెట్టాలి. ఆ మాటకి అర్థం డబ్బా ఆ వేడికి కరగదు, వంగదు అని. ఎన్నేళ్లయినా వాడుకోవచ్చని కాదు. గీతలు పడి, పసుపు రంగు పట్టి, తెల్లగా పాలిపోయిన డబ్బాలను వదిలేయండి. నూనె ఎక్కువున్న కూరలు నీళ్ల కంటే చాలా ఎక్కువ వేడెక్కుతాయి కాబట్టి వాటికి ప్లాస్టిక్ అసలు వద్దు. మెలమైన్ ప్లేట్లు కూడా వద్దు. మొత్తానికి ఒక గాజు గిన్నె, ఒక మామూలు తెల్ల పింగాణీ ప్లేటు ఉంటే ఈ తలనొప్పులేవీ ఉండవు.

కన్వెక్షన్ మైక్రోవేవ్ ఉన్నవాళ్లకి ఇంకో చిక్కు ఉంది. ఒకే పెట్టెలో రెండు మెషీన్లు ఉన్నట్టు లెక్క. మైక్రో మోడ్‌లో లోహం పనికిరాదు. 180 డిగ్రీల కన్వెక్షన్ మోడ్‌లో కేకు అల్యూమినియం టిన్ను బాగానే పనిచేస్తుంది, ప్లాస్టిక్ డబ్బా మాత్రం కరిగిపోతుంది. పాలీప్రొపిలీన్ దాదాపు 160 డిగ్రీలకే కరుగుతుంది మరి. కేకు తీసిన వెంటనే అదే ఓవెన్‌లో ప్లాస్టిక్ డబ్బాలో కూర పెట్టినా అది మెత్తబడుతుంది, ఎందుకంటే గోడలు ఇంకా సెగ మీదే ఉంటాయి. బటన్ నొక్కే ముందు ఏ మోడ్‌లో ఉందో ఒకసారి చూడండి. సగం ప్రమాదాలు అక్కడే ఆగిపోతాయి.

ఎక్కడ పెట్టారన్నదే ముఖ్యం

మళ్లీ ఆ సాంబారు గిన్నె దగ్గరికి వద్దాం. మైక్రోవేవ్ ఎత్తు మీ భుజం కంటే తక్కువలో ఉండాలి. ఫ్రిజ్ మీద, అటక కింద అరలో పెడితే వేడి గిన్నె తొణికినప్పుడు పడేది ముఖం మీదే. అలాగని పిల్లలకు అందేంత కిందా వద్దు. ఓటీజీ అయితే దాని పైభాగం, అద్దం కూడా చెయ్యి కాలేంత వేడెక్కుతాయి. గోడకి ఆనించకుండా, కర్టెన్లకు దూరంగా, మాన్యువల్‌లో చెప్పినంత ఖాళీ వదలాలి. గాలి వెళ్లే రంధ్రాల మీద గుడ్డ కప్పి అలంకరించే అలవాటు చాలామందికి ఉంది. లోపల వేడి బయటికి పోయే దారి అదే, మూసేయకండి.

పట్టుకోవడానికి పొడి గ్లౌజులే వాడాలి. తడి గుడ్డ వేడిని చాలా వేగంగా చేతికి చేరుస్తుంది. చీర కొంగు, చున్నీ అయితే ఓటీజీ రాడ్డుకి తగిలి అంటుకునే ప్రమాదం కూడా ఉంది. మూత తీసేటప్పుడు ముందు అవతలి అంచును ఎత్తండి, ఆవిరి మీ వైపు రాకుండా ఉంటుంది. ఓటీజీలోంచి తీసిన గాజు ట్రేను తడిగా ఉన్న గ్రానైట్ గట్టు మీద పెడితే ఫట్‌మని పగలొచ్చు. కింద మడిచిన పొడి గుడ్డో, చెక్క పలకో వేయండి.

ఒకవేళ కాలితే? వెంటనే కుళాయి కింద 20 నిమిషాలు చల్లటి నీళ్లు పారేలా ఉంచాలి. వేసవిలో ట్యాంకు నీళ్లే సలసలమంటుంటాయి, అప్పుడు బిందెలోని నీళ్లు పోయండి. వాపు రాకముందే గాజులు, ఉంగరాలు తీసేయండి. ఐసు, టూత్‌పేస్ట్, ఇంకు, పసుపు ఏవీ రాయొద్దు. పసిపిల్లలకు కాలినా, ముఖం, చేతులు కాలినా, పెద్ద బొబ్బలు వచ్చినా ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి వెళ్లాలి. అవసరమైతే 108కి ఫోన్ చేయండి.

కరెంటు సంగతేంటి?

డబ్బా మీద '800 వాట్లు' అని ఉంటే అది తిండికి అందే శక్తి. గోడలోంచి లాగేది 1,200 వాట్ల పైమాటే. కన్వెక్షన్ మోడ్ ఆన్ చేస్తే చాలా మోడళ్లు 2,000 వాట్లు దాటుతాయి. మన ఇంట్లో చిన్న సాకెట్ 6 ఆంపియర్లది. అంటే 230 వోల్టుల దగ్గర గరిష్టంగా 1,380 వాట్లు. లెక్క మీరే చూడండి. పెద్ద పిన్నుకి అడాప్టర్ తగిలించి చిన్న సాకెట్‌లో పెట్టడం, మిక్సీ, కెటిల్, ఓవెన్ మూడింటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి కలపడం.. వైర్లు కాలి వాసన వచ్చేది వీటివల్లే. ఎర్తింగ్ ఉన్న 16 ఆంపియర్ల సాకెట్ ఒకటి ఓవెన్‌కే వదిలేయండి. అద్దె ఇంట్లో అలాంటి సాకెట్ లేకపోతే ఎలక్ట్రీషియన్‌తో వేయించుకోండి. ఇంట్లో ఉండే చిన్న ఇన్వర్టర్ మీద వీటిని నడపకూడదు.

బిల్లు విషయానికి వస్తే, 1,200 వాట్ల మైక్రోవేవ్ 5 నిమిషాలు నడిస్తే ఖర్చయ్యేది 0.1 యూనిట్. ఒకరిద్దరి భోజనం వేడి చేయడానికి ఇది చవకే. లీటరు నీళ్లు కాచాలంటే మాత్రం దాదాపు 0.15 యూనిట్ పడుతుంది, ఎలక్ట్రిక్ కెటిల్ అదే పనిని 0.1 యూనిట్ దగ్గర ముగిస్తుంది. కాబట్టి నీళ్లకి కెటిల్, మిగిలిన కూరకి మైక్రోవేవ్. ఆరుగురికి పప్పు ఉడకాలంటే కుక్కరే, అందులో సందేహం లేదు. ఆకుకూరలు, కూరగాయలు కొద్ది నీళ్లతో మైక్రోవేవ్‌లో ఉడికిస్తే విటమిన్ సి నీళ్లలో కరిగిపోవడం తగ్గుతుంది. పోషకాలన్నీ పోతాయన్న ప్రచారానికి ఇది సరిగ్గా రివర్స్.

ఓటీజీ లెక్క వేరు. 1,500 వాట్ల ఓటీజీలో 10 నిమిషాల ప్రీహీట్‌కే 0.25 యూనిట్ అవుతుంది. ఆ తర్వాత థర్మోస్టాట్ ఆన్, ఆఫ్ అవుతూ ఉంటుంది కాబట్టి మొత్తం టైమంతా అంత లాగదు. కేకుకి ప్రీహీట్ తప్పనిసరి, పిండి పొంగాలంటే మొదటి నిమిషం నుంచే వేడి కావాలి. పల్లీలు వేయించడానికి, చికెన్ రోస్ట్‌కి ప్రీహీట్ లేకపోయినా పెద్ద తేడా ఏమీ ఉండదు. మధ్యమధ్యలో తలుపు తీసి చూడటం మానేయండి. తీసిన ప్రతిసారీ వేడి గాలి బయటికి పోతుంది, దాన్ని మళ్లీ కరెంటుతోనే నింపాలి. లైటు వేసి అద్దంలోంచి చూడండి. రోస్ట్ లాంటివైతే ఐదు నిమిషాల ముందే ఆపేసినా లోపలి సెగకే మిగతా పని పూర్తవుతుంది. ఒకసారి వేడెక్కిన ఓవెన్‌లో కేకు తర్వాత బిస్కెట్లు, ఆ తర్వాత పల్లీలు వరసగా పెట్టేస్తే ఒకే ప్రీహీట్‌తో మూడు పనులు అవుతాయి.

లోపల మంట వస్తే తలుపు తీయొద్దు

అప్పడాలు, పాప్‌కార్న్, ఎండబెట్టడానికి పెట్టిన కరివేపాకు.. తేమ తక్కువున్న వీటిని పెట్టి ఫోన్ చూస్తూ కూర్చుంటే అంటుకుంటాయి. అప్పడానికి 30 సెకన్లతో మొదలుపెట్టి, చాలకపోతే పది పది సెకన్లు పెంచుకోండి. మైక్రోవేవ్‌లో నూనె కాచి డీప్ ఫ్రై చేసే ప్రయత్నాలు అస్సలు చేయకండి, అక్కడ నూనె వేడిని కంట్రోల్ చేసే దారి లేదు. ఖాళీ ఓవెన్ నడిపినా మ్యాగ్నెట్రాన్ దెబ్బతింటుంది. పిల్లలు బటన్లు నొక్కుతారనుకుంటే గోడ స్విచ్ ఆపేయడం, లేదా చైల్డ్ లాక్ పెట్టడం మంచిది.

మంట కనిపిస్తే కంగారులో అందరూ చేసే మొదటి పని తలుపు తీయడం. తీస్తే గాలి అంది మంట పెరుగుతుంది. తలుపు మూసే ఉంచి, గోడ దగ్గర స్విచ్ ఆపండి. అది అందకపోతే మెయిన్ ఆఫ్ చేయండి. నీళ్లు పోయొద్దు. చాలావరకు గాలి అందక అదే ఆరిపోతుంది. ఆరకుండా మంట బయటికి వస్తుంటే ఇంట్లోవాళ్లంతా బయటికి వచ్చేసి 101కి ఫోన్ చేయాలి.

క్లీనింగ్‌ని కూడా లైట్ తీసుకోవద్దు. లోపలి పక్క గోడకి ఒక చిన్న అట్టముక్క లాంటి మైకా షీట్ ఉంటుంది. దాని మీద కూర చింది జిడ్డు పేరుకుంటే అది మాడి నిప్పురవ్వలు వస్తాయి. గిన్నెలో నీళ్లు, అరచెక్క నిమ్మరసం వేసి, చెక్క చెంచా ఉంచి మూడు నిమిషాలు తిప్పండి. ఐదు నిమిషాలాగి, ప్లగ్ తీసి మెత్తటి గుడ్డతో తుడిస్తే మరకలు ఊడి వచ్చేస్తాయి. తలుపు అంచులు కూడా తుడవండి. మైకా షీట్ కాలి నల్లబడితే పీకి పారేసి అలాగే వాడొద్దు, కొత్తది వేయించండి.

పాడైతే మాత్రం యూట్యూబ్ చూసి వెనక స్క్రూలు విప్పే సాహసం చేయకండి. టీవీ రిమోట్‌నో, మిక్సీనో విప్పినట్టు కాదు ఇది. మైక్రోవేవ్ లోపల వేల వోల్టులతో పనిచేసే కెపాసిటర్ ఉంటుంది. ప్లగ్ పీకేశాక కూడా అందులో కరెంటు నిలవ ఉండి ప్రాణం తీయగలదు. ట్రైనింగ్ ఉన్న టెక్నీషియన్‌నే పిలవండి. రిపేర్ అయ్యాక తలుపు గట్టిగా పడుతోందా, తీయగానే మెషీన్ ఆగుతోందా అని అతని ముందే చెక్ చేసుకోండి.